కరకట్ట మీద షికారు

ఆ ఆదివారం శోభనాద్రి గారు చెయ్యవలసిన పనులు ఇవి. తెల్లవారకముందే లేవాలి. కొత్త కాన్వాసు బూట్ల లేసులు తానే కట్టుకోవాలి. ఫ్లాస్కులో పంచదార లేని టీ పోయించుకోవాలి. పులిహోర పొట్లాలు సంచిలో పెట్టించుకోవాలి. మొదటి బస్సులో బందరు నుంచి అవనిగడ్డ చేరాలి. అక్కడ కరకట్ట ఎక్కి నాగాయలంక దాకా నడవాలి. కృష్ణ ఒడ్డున కూర్చుని పులిహోర తిని, బస్సెక్కి ఇంటికి రావాలి. సాయంత్రం ఫస్టు షోకి భార్య పుష్పావతిని సినిమాకి తీసుకెళ్లాలి. ఇవన్నీ చేస్తూ ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదు.

ఆఖరిది డాక్టరు గారు చెప్పిన పని. "మీ షుగరుకి నడక మందు. మీ బీపీకి నోరు మూసుకోవడం మందు" అని ఆయన మొహం మీదే చెప్పేశారు. శోభనాద్రి గారు ఆయన మీద కూడా కోప్పడి వచ్చేశారు. ఆ వారమే ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో కొండలెక్కి షికార్లు చేసేవాళ్ల ఫోటోలు చూసి మనసు పడ్డారు. వీపుకి సంచులు, చేతుల్లో కర్రలు, మొహాల నిండా నవ్వులు. కానీ బందరు చుట్టూ ఎటు చూసినా బల్లపరుపు నేలే. ఆ ప్రాంతంలో మనిషి ఎక్కదగ్గ ఎత్తు ఏదైనా ఉందంటే, వరద నీళ్లు ఊళ్ల మీద పడకుండా కృష్ణ వెంబడి పోసిన మట్టిగట్టు, అదే కరకట్ట. దాన్నే కొండ అనుకుందామని ఆయన తీర్మానించుకున్నారు.

శోభనాద్రి గారు బందరులో ఒక డివిజను ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆయన తర్వాత చేరినవాళ్లు సూపరింటెండెంట్లయి ఆయన చేతే ఫైళ్లు మోయించుకుంటున్నారు. పని రాక కాదు, నోరు ఊరుకోక. రిటైర్మెంటు దగ్గర పడ్డాక ఎట్టకేలకు ఆయన ప్రమోషను ఫైలు ఆఫీసరు భానుమతి గారి బల్ల మీదికి చేరింది. ఒక్క సంతకం మిగిలింది. శనివారం సాయంత్రం ఆవిడ ఆయన్ని పిలిచి మరీ చెప్పారు.

"శోభనాద్రి గారూ, ఎన్నికల ముందు రోజులు. మన ఉద్యోగులు ఊరేగింపుల్లో కనపడితే పైనుంచి సస్పెన్షన్లు వస్తున్నాయి. ఈ రెండు రోజులూ మీ పేరు ఏ గొడవలోనూ వినపడకూడదు. ఆ తర్వాత మీ ఇష్టమండీ."

"గొడవా? నాకా? రేపు నేను కృష్ణ ఒడ్డున గాలి పీల్చుకుంటూ ఉంటాను మేడమ్" అన్నారు శోభనాద్రి గారు.

అది 2003. రాష్ట్రంలో నాయకులు నడుస్తున్న ఏడాది. ఎవరికి ఏ డిమాండు ఉన్నా తెల్లబట్టలు కట్టి రోడ్డెక్కి నడక మొదలుపెట్టేవారు. బస్సెక్కగలిగిన మనిషి పనిగట్టుకుని నడుస్తున్నాడంటే దాని వెనక ఏదో సంగతి ఉందని పల్లెల్లో అందరికీ అర్థమైపోయింది. ఒక్క శోభనాద్రి గారికి తప్ప.

ఆయన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్నారు. మంచు పడుతోందని తలకి తువ్వాలు చుట్టారు. చేతిలో కర్ర పట్టారు. వెనక పుష్పావతి గొడుగూ సంచీ పట్టుకుని నడుస్తోంది. ముందు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు రత్నరాజు కెమెరా పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ఆయన్ని ఫోటోలు తీస్తున్నాడు. కొంగల్ని తీద్దామని వచ్చాడు గానీ, మంచులో కొంగలు కనపడక ఆయన్నే తీస్తున్నాడు.

"నవ్వండి సార్."

"నవ్వేదేముందయ్యా ఇందులో? ముందు చూసి నడు, కాలవలో పడతావ్!"

కొంత దూరం పోయాక సత్తయ్య అనే ముసలాయన సైకిలు మీద ఎదురొచ్చాడు. ముందు రాబోయే జాలర్ల ఊరు పల్లెపాలేనికి ఆయన ఒకప్పుడు వార్డు మెంబరు. ముగ్గుర్నీ చూసి సైకిలు దిగాడు.

"ఎందాకా బాబూ?"

"నాగాయలంక."

"బస్సులున్నాయి కదండీ కింద రోడ్డు మీద."

"బస్సొద్దు. నడిచే వెళ్తాం."

"ఎందుకండీ?"

ఎవరి మీదా కోప్పడకూడదన్న పని అక్కడితో అయిపోయింది. "ఎందుకేంటండీ ఎందుకు? మనిషి నడవాలంటే కారణం చెప్పాలా? కట్ట మీరు కొన్నారా? మీలాంటి బుద్ధిలేని ప్రశ్నలు వేసేవాళ్లుండబట్టే ఈ దేశం ఇలా ఏడిసింది!"

సత్తయ్య ఆయన తెల్లబట్టల్ని చూశాడు. ముందున్న కెమెరాని చూశాడు. వెనక గొడుగు పట్టిన మనిషిని చూశాడు. దేశం గురించి పొద్దున్నే అంత బాధపడుతున్న మొహాన్ని చూశాడు. దణ్ణం పెట్టి, సైకిలు వెనక్కి తిప్పి, పల్లెపాలెం వైపు గట్టిగా తొక్కాడు.

వీళ్లు అక్కడికి చేరేసరికి కట్ట మీద ఆడవాళ్లు నీళ్ల బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. హారతి పళ్లెం సిద్ధంగా ఉంది. ఊరి కోసం నడిచొచ్చిన మనిషిని కాళ్ల మీద నీళ్లు పొయ్యకుండా దాటనివ్వడం ఆ ఊళ్లో మర్యాద కాదు. శోభనాద్రి గారు ఆగేలోపే మొదటి బిందె ఆయన పాదాల మీద ఒలికింది.

"బూట్లు! బూట్లమ్మా! కొత్తవి!"

బిందె ఒంపిన మనిషి పేరు లక్ష్మీకాంతమ్మ. సముద్రం మీద పోయే మగవాళ్లు తెచ్చిన చేపల్ని బుట్టకెత్తుకుని అవనిగడ్డలో అమ్ముతుంది. ఆవిడ గొంతు రెండు వీధుల అవతలికి వినపడుతుంది. "కొత్త బూట్లు పాడైపోతాయని కూడా చూసుకోకుండా మా కోసం వచ్చావా అన్నయ్యా!" అని ఇంకో బిందె ఒంపింది.

"నేనెవరి కోసమూ రాలేదు! షుగరుంది నాకు, బీపీ ఉంది! అందుకని నడుస్తున్నాను!"

"విన్నారా?" సత్తయ్య జనం వైపు తిరిగాడు. "షుగరు, బీపీ పెట్టుకుని నడుస్తన్నాడు. మనలో ఒళ్లు బాగున్నోళ్లు ఇళ్లల్లో కూర్చోటం న్యాయమేనా?"

న్యాయం కాదని అందరికీ తోచింది. శోభనాద్రి గారు కదలగానే ఊరు కదిలింది.

తడిసిన కాన్వాసు బూట్లలో నడక ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కొంచెం దూరంలోనే మడమలు ఒరుసుకుపోయి బొబ్బలెక్కాయి. శోభనాద్రి గారు ఒక తాడిచెట్టు మొదట్లో కూలబడి, లేసుల్ని తిట్టి, బూట్లని తిట్టి, రెండూ విప్పి పుష్పావతి సంచిలో పడేశారు. లేచి ఉత్త కాళ్లతో కుంటుతూ నడిచారు. వెనక ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. తర్వాతి ఊరికి ఆయన కన్నా ముందే కబురు వెళ్లింది: చెప్పులు కూడా వదిలేసి నడుస్తున్నాడట. ఆ ఊరివాళ్లు డప్పులతో వచ్చారు.

"ఏవండీ, ఇదేంటండీ ఇదీ? నేను సినిమాకని ఒప్పుకుని వచ్చాను. ఊరేగింపుకి కాదు" అంది పుష్పావతి పళ్లు బిగపట్టి.

"నేను పిలిచానా వీళ్లని? నువ్వు చూస్తూనే ఉన్నావుగా!"

"మీరు పిలవక్కర్లేదు. మీరు నోరు తెరిస్తే చాలు, ఊళ్లు కదిలొస్తున్నాయి."

"రత్నరాజూ! ఆ కెమెరా లోపల పెట్టు! నువ్వు పేపరువాడివనుకుంటున్నారు!"

"పెట్టేశాను సార్. రీలు అయిపోయింది" అన్నాడు రత్నరాజు. "కానీ అసలు పేపరాయన వచ్చాడండీ. అదుగో, ఆ మోపెడ్డు మీద."

శోభనాద్రి గారికి గుండె ఝల్లుమంది. పేపర్లో ఫోటో, భానుమతి గారి బల్ల, ఆ సంతకం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. గుండె ఝల్లుమన్న ప్రతిసారీ ఆయనకి కోపమే వస్తుంది. గిరుక్కున వెనక్కి తిరిగి కర్ర పైకెత్తారు.

"మీకేం పనీపాటా లేదా? నా వెంట ఎందుకు పడ్డారు? ఎవర్నడిగి వచ్చారు? పొండి! కిందికి దిగి బస్సెక్కి, ఎవరిళ్లకి వాళ్లు పొండి!"

డప్పులు ఆగిపోయాయి. అందరూ లక్ష్మీకాంతమ్మ వైపు చూశారు.

"అదే కదా అన్నయ్యా మా బాధ" అంది ఆవిడ. "బస్సెవరు ఎక్కనిస్తన్నారు? దసరా నించీ చేపల బుట్ట కనపడితే బస్సు ఆపట్లేదు. ఒకవేళ ఎక్కామా, దించేదాకా బండి కదలదు. బుట్ట నెత్తినెట్టుకుని నడిచి పోయేసరికి ఎండెక్కి చేప మెత్తబడిపోద్ది. మెత్తబడ్డ చేప ఎవరు కొంటారు? మొన్న మా చెల్లెలి బుట్ట రోడ్డు మీదికి విసిరేశారు. కుక్కలు తిన్నాయి."

"అది నాకెందుకు చెప్తారమ్మా? నేనేం చెయ్యగలను?"

"ఇంకెవరికి చెప్పమంటావు? ఇంతవరకూ వచ్చినోళ్లందరూ నవ్వి, దణ్ణం పెట్టి, మా పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడి పోయారు. పొద్దుట్నించి మమ్మల్ని తిట్టినోడివి నువ్వొక్కడివే. సొంతమనుకున్నోడే తిడతాడు."

శోభనాద్రి గారు ఆకాశాన్ని తిట్టుకుంటూ ముందుకి నడిచారు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

ఇక పుష్పావతికి ఓపిక చచ్చిపోయింది. లక్ష్మీకాంతమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"చూడమ్మాయ్, ఆయన నాయకుడూ కాదు, గీయకుడూ కాదు. ఆఫీసులో గుమాస్తా. డాక్టరు నడవమంటే నడుస్తున్నాడు. ఇన్నేళ్లకి ప్రమోషను వచ్చింది, రేపో ఎల్లుండో సంతకం అవుతుంది. ఇలా ఊరేగింపులో ఉన్నాడని తెలిసిందంటే అదీ పోతుంది, ఉన్న ఉద్యోగమూ పోతుంది. నీకు దణ్ణం పెడతాను, మమ్మల్ని వదిలెయ్యండి."

లక్ష్మీకాంతమ్మ ఆవిడ్ని ఎగాదిగా చూసింది. "నిజంగా ఉత్త గుమాస్తానేనా వదినగారూ?"

"ఉత్త గుమాస్తానే."

"మరి అంత కోపమేంటి?"

"అది పుట్టుకతో వచ్చింది."

లక్ష్మీకాంతమ్మ అటూ ఇటూ చూసింది. వెనక చూస్తే కట్ట పొడుగునా జనం. ఆపుదామన్నా ఆగేలా లేరు. ముందు చూస్తే నాగాయలంక వచ్చేసింది.

నాగాయలంకలో ఆ రోజు గ్రామసభ. దాన్ని జరిపించడానికి డివిజను ఆఫీసరుగా వచ్చిన భానుమతి గారు షామియానా కింద కూర్చుని ఉన్నారు. ఆవిడ పక్కన బస్సుల ఆఫీసు నుంచి వచ్చిన లావుపాటి పెద్దమనిషి, ఆ పక్కన ఎస్సై. ఎప్పుడూ ముసలివాళ్లు పదిమంది కూడా రాని సభకి డప్పులతో జనం విరుచుకుపడేసరికి ఎస్సై లేచి నిలబడ్డాడు.

ఆవిడని చూడగానే శోభనాద్రి గారు పుష్పావతి చేతిలో గొడుగు లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అంతవరకూ ఎండలో నడిచిన మనిషి షామియానా నీడలో గొడుగు వెయ్యడం ఎవరికైనా వింతగానే ఉంటుంది. కానీ అందరి చూపూ లక్ష్మీకాంతమ్మ మీద ఉంది. ఆవిడ నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి బుట్టల సంగతి మొదటి నుంచీ చెప్పి, కావాలంటే బుట్టకి కూడా టిక్కెట్టు తీసుకుంటామంది. భానుమతి గారు విని, లావుపాటి పెద్దమనిషి వైపు తిరిగారు.

"ఏమంటారండీ?"

"కంపు మేడమ్" అన్నాడాయన, జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని. "మర్యాదస్తులు కూర్చోలేకపోతున్నారు. వీళ్లకి నడక అలవాటే లెండి. పెద్ద దూరమేం కాదు."

శోభనాద్రి గారు గొడుగు వెనక నుంచి ఈ మాటలు విన్నారు. ఆయన మడమల్లో బొబ్బలు చితికి మట్టి పట్టి ఉంది. కడుపులో పొద్దున తాగిన చప్పటి టీ తప్ప ఏమీ లేదు. షామియానా వెనక నుంచి వంటల వాసన వచ్చి తగులుతోంది. అక్కడ నోరు మూసుకుని ఉంటే ప్రమోషను. అది ఆయనకి బాగా తెలుసు. అయినా గొడుగు పక్కకి పోయింది.

"పెద్ద దూరం కాదా?" అన్నారు. ఆ గొంతుకి డప్పు పట్టుకున్నవాడు కూడా ఉలిక్కిపడ్డాడు. "మీరెప్పుడైనా నడిచారండీ ఆ దూరం? ఇవిగో నా కాళ్లు, చూడండి! ఒక్క పూటకి ఇలా అయ్యాయి. నా నెత్తి మీద బుట్ట కూడా లేదు! వీళ్లు దసరా నుంచీ నడుస్తున్నారు! కంపంటారా? మరి మీ వెనక గిన్నెలో ఉడుకుతున్నదేంటి? రొయ్యల ఇగురు కాదూ? ఇందాకణ్ణుంచి ఆ వాసనకే కదా మీరు అటు తిరిగి తిరిగి చూస్తున్నారు! విస్తట్లోకి వస్తే ఘుమఘుమ, బస్సులోకి వస్తే కంపా? బుట్టకి కూడా టిక్కెట్టు తీసుకుంటామంటున్నారు, ఇంకేం కావాలయ్యా మీకు? మర్యాదస్తులట! చేపల పులుసు తినని మర్యాదస్తుణ్ణి ఈ దివిసీమలో ఒక్కణ్ణి చూపించండి, నేను ఈ కాళ్లతోనే బందరు దాకా నడిచిపోతాను!"

ఆయన జీవితంలో వేల మందిని తిట్టారు. తిట్టవలసిన మనిషిని తిట్టడం అదే మొదటిసారి. షామియానా కింద చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. లావుపాటి పెద్దమనిషి జేబురుమాలు జేబులో పెట్టేసుకున్నాడు.

"శోభనాద్రి గారూ, మీరా?" అన్నారు భానుమతి గారు.

శోభనాద్రి గారు గొడుగు మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకోబోయారు. ఎస్సై పుస్తకం తెరిచాడు.

"పర్మిషన్ లేకుండా ఊరేగింపు. కట్ట మీద ట్రాఫిక్కు ఆపారు. దీనికి నాయకుడెవరు? ఈయనేనా?"

పుష్పావతి కళ్లు గట్టిగా మూసుకుంది. పేపరాయన కెమెరా పైకెత్తాడు. అప్పుడు లక్ష్మీకాంతమ్మ శోభనాద్రి గారిని మోచేత్తో ఒక్క తోపు తోసి ముందుకొచ్చి, చెయ్యి పైకెత్తింది.

"నాయకుడెవరండీ? నేనే తీసుకొచ్చాను అందర్నీ. రాసుకోండి, లక్ష్మీకాంతమ్మ."

"మరి ఈయన?"

"ఈయనా? ఎవరో షుగరు జబ్బాయనండీ. మేం వస్తా ఉంటే కట్ట మీద నడుస్తా కనపడ్డాడు. ఉత్త కోపిష్టి మనిషి. పొద్దుట్నించి మమ్మల్ని వెనక్కి పొమ్మని తిడతానే ఉన్నాడు. కావాలంటే అడగండి వీళ్లని."

"అవునండీ, తిట్టాడండీ!" అన్నారు జనం. "కర్రెత్తాడండీ మా మీద!" అంది ఒకావిడ. "నన్ను బుద్ధిలేనోడన్నాడండీ. దేశం నా మూలానే చెడిపోయిందన్నాడు" అన్నాడు సత్తయ్య, చేతులు కట్టుకుని. డప్పులవాడు తననేమన్నదీ చెప్పబోయి, ఆడవాళ్లున్నారని ఆగిపోయాడు. ఇన్ని నోళ్లు పలికినా అందులో ఒక్క అబద్ధం లేదు.

శోభనాద్రి గారికి మాత్రం ఒళ్లు మండిపోయింది. "అదేంటి? ఇప్పుడు ఇక్కడ మాట్లాడింది నేను కాదా? ఆ చప్పట్లు ఎవరికి కొట్టారు?"

"నోరు మూసుకో అన్నయ్యా" అంది లక్ష్మీకాంతమ్మ, ఆయనకి మాత్రమే వినపడేలా. "ముందా సంతకం కానియ్యి."

డాక్టరు చెప్తే వినని మాట ఆయన ఆవిడ చెప్తే విన్నారు.

భానుమతి గారు ఆయన పాదాల వైపు చూశారు. లక్ష్మీకాంతమ్మ వైపు చూశారు. "ఆయన షుగరు సంగతి మా ఆఫీసులో అందరికీ తెలిసిందేనండీ" అన్నారు ఎస్సైతో. తర్వాత లావుపాటి పెద్దమనిషితో, "పొద్దుటి మొదటి బస్సులో ఆఖరి సీటు తీయించండి. అక్కడ రేకు పళ్లెం వేయించి బుట్టలు పెట్టించండి. ఇప్పుడే రాసివ్వండి, భోజనాలు తర్వాత" అన్నారు. రొయ్యల ఇగురు వాసన అందరికన్నా ఎక్కువగా తగులుతున్నది ఆయనకే. వెంటనే రాసిచ్చాడు.

తిరుగు బస్సులో శోభనాద్రి గారు కాళ్లు ముందు సీటు కిందికి చాపుకుని కూర్చున్నారు. ఫస్టు షో వేళ దాటిపోయింది. "ఇంత ఫైటింగు ఏ సినిమాలోనూ ఉండదు లెండి" అంది పుష్పావతి. పులిహోర పొట్లం విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని కూడా, ఆ ఉపన్యాసం తనది కాకుండా పోయినందుకు గొణుక్కుంటూనే ఉన్నారు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. చెయ్యెత్తిన లక్ష్మీకాంతమ్మ, వెనక జనం, పక్కన సగం గొడుగు. అంతే. మంగళవారం భానుమతి గారు ఫైలు మీద సంతకం పెట్టారు. అదే మంగళవారం పర్మిషన్ లేని ఊరేగింపు కేసు లక్ష్మీకాంతమ్మ పేరున నమోదయింది. కేసు అవనిగడ్డ కోర్టులో వాయిదాల మీద వాయిదాలు నడిచింది. వాయిదా ఉన్న రోజున ఆవిడ బుట్ట దింపి అమ్ముకుని కోర్టుకి వచ్చేది. సూపరింటెండెంటు శోభనాద్రి గారు సెలవు పెట్టి వచ్చి, వరండాలో నిలబడి ప్లీడర్ని కేకలేసేవారు. "నువ్వెందుకొచ్చావు అన్నయ్యా, నిన్నెవరైనా చూస్తే?" అని ఆవిడ ఆయన్ని కేకలేసేది. చివరికి సాక్షులెవరూ రాక కేసు కొట్టేశారు.

మీరెప్పుడైనా పొద్దున్నే ఆ బస్సెక్కితే, వెనక ఆఖరి సీటు ఉండవలసిన చోట తడి బుట్టలు కనపడితే, ముక్కు మూసుకోబోయే ముందు లక్ష్మీకాంతమ్మని ఒక్కసారి తలుచుకోండి. శోభనాద్రి గారిని తలుచుకోనక్కర్లేదు. రికార్డు ప్రకారం ఆయన ఆ రోజు కృష్ణ ఒడ్డున గాలి పీల్చుకుంటున్నారు.